రాత్రి రెండున్నరకే మెలకువ వస్తున్నది, యోగా చేసినా నిద్ర పడతలేదు

మోతీనగర్ కర్రీపాయింట్
రాత్రి 2:50

అందరికీ నమస్తే. టైం చూడున్రి, మూడు కావస్తున్నది. ఇంట్ల అందరు పండుకున్నరు. నేను వంటింట్ల కూసోని ఫోన్ల ఇది రాస్తున్న.

నాకు 47 ఏండ్లు. మాది మోతీనగర్ల చిన్న కర్రీ పాయింట్. ఆయన, నేను, సాయానికి ఒక పిల్లగాడు. పొద్దున ఆరింటికి ఎర్రగడ్డ రైతుబజారుకు పోయి కూరగాయలు తెస్తం. పదకొండు వరకు పప్పు, సాంబారు, రెండు వేపుళ్లు, ఒక పచ్చడి తయారుండాలె. మూడింటికి షట్టర్ దించి ఇంటికొచ్చి ఇంత తిని గంటన్నర పండుకుంట. ఐదింటికి మళ్ల పొయ్యి ముట్టిస్తం. ఇగ రాత్రి పది వరకు కవర్లు కట్టుడే. ఏడింటికి గిరాకీ మొదలైతది గద, అందుకే ఆరున్నరకు ఒక టీ, ఎనిమిదికి ఒక టీ తాగుత. గిన్నెలు కడిగి ఇంటికొచ్చి తినేసరికి పదిన్నర దాటుతది.

ఉగాది నుంచి యోగా మొదలువెట్టిన. పొద్దంత టైం ఉండదు కాబట్టి రాత్రి పదకొండుకే చేస్త. ఫోన్ల వీడియో చూసుకుంట 12 సూర్యనమస్కారాలు, మూడు సార్లు కపాలభాతి (జోరుజోరుగ ఊపిరి వదులుడు). చెమటలు పడతయి, స్నానం చేసి పన్నెండుకు పండుకుంట. పండుకోంగనే నిద్ర వస్తది. కానీ రెండున్నరకు ఎవరో లేపినట్టు కండ్లు తెరుచుకుంటున్నయి. ఛాతిల మంట. అప్పుడు మొదలైతది: పామాయిల్ డబ్బా ఎంతకు పెరిగింది, దుకాణం కిరాయి ఎప్పుడు కట్టాలె, బిడ్డ కాలేజీ ఫీజు ఎంత మిగిలింది, మెస్సు పిల్లలు ఎంత బాకీ ఉన్నరు. ఐదింటికి కన్ను అంటుకుంటది, ఐదుంబావుకు అలారం.

మా దగ్గర కూరలు తీసుకపోయే ఒకామె ఏమన్నదంటే, ‘అది బ్రహ్మముహూర్తం, దేవుడే లేపుతున్నడు, మళ్ల పండుకోకు, జపం చేసుకో’ అన్నది. నెల నుంచి అట్లనే చేసిన. కానీ పొద్దున కత్తి పట్టుకుంటే చేతులు వణుకుతున్నయి. మొన్న వేలు కోసుకున్న. మాత్రలు వేసుకునుడు నాకిష్టం లేదు. నిద్రకు ఏదన్న ఆసనం ఉంటే చెప్పున్రి. యోగా చేసినా నిద్ర ఎందుకు పడతలేదు?


రిటైర్డ్ కండక్టర్, పద్మారావునగర్
ఉదయం 7:10

అమ్మా, పార్కులో క్లాసు అయ్యాక బెంచీ మీద కూర్చుని మీరు రాసింది రెండుసార్లు చదివాను. వేలు కోసుకున్న దగ్గర మనసు కలుక్కుమంది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు బ్రహ్మముహూర్తం సంగతి తేల్చేద్దాం. ఆ మాట పట్టుకుని ఉన్న నిద్ర కూడా పోగొట్టుకున్న ఆడవాళ్లని మా పార్కులోనే నలుగురిని చూశాను. ముహూర్తం అంటే 48 నిమిషాలు. సూర్యోదయానికి రెండు ముహూర్తాల ముందు మొదలై, ఒక ముహూర్తం ముందు ముగిసే వేళ అది. మన హైదరాబాదులో జూన్ మొదట్లో సూర్యుడు దాదాపు 5:40కి వస్తాడు, అంటే అది నాలుగు దాటాక మొదలవుతుంది. సంక్రాంతి రోజుల్లో 6:50 దగ్గర పడుతుంది కాబట్టి ఐదు దాటాకే. రెండున్నర ఏ నెలలోనూ బ్రహ్మముహూర్తం అవదు. పైగా ఆ వేళకి లేవమని అష్టాంగహృదయం అనే ఆయుర్వేద గ్రంథంలో చెప్పిన వాగ్భటుడు ‘స్వస్థుడు’ లేవాలన్నాడు. ఒంట్లో బాగున్నవాడు అని. రెండున్నర గంటలు పడుకున్న మనిషిని లేచి కూర్చోమని ఆయన అనలేదు. ఆమె మీ మంచి కోరే చెప్పి ఉంటారు, అయినా ఆ జపం పొద్దున స్నానమయ్యాక చేసుకోండి.

ఇక రాత్రి పదకొండుకి కపాలభాతి. తల్లీ, అది పొయ్యి ఊదడం. షట్టర్ దించాక పొయ్యి ఊదుతామా? పైగా అప్పుడే తిన్న కడుపు మీద. కపాలభాతి ఖాళీ కడుపుతో, పొద్దున చేసేది. ఒంటిని లేపడానికే పుట్టిన క్రియ అది. దాన్ని ఈ రాత్రి నుంచే ఆపెయ్యండి. సూర్యనమస్కారాలు పొద్దున రైతుబజారుకి బయల్దేరే ముందు ఆరు చాలు, పది నిమిషాల పని. యోగా మీకు పడలేదని అనుకోకండి, వేళ తప్పింది అంతే.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను ఆర్టీసీలో 28 ఏళ్లు కండక్టర్‌ని. గౌలిగూడ పాత బస్టాండు రోజుల నుంచి ఇమ్లిబన్ కొత్త బస్టాండు దాకా, సగం సర్వీసు నైట్ అవుట్ డ్యూటీలే. 2014లో రిటైరయ్యాను. ఇక హాయిగా నిద్రపోవచ్చు అనుకుంటే మూడు నెలలు కన్ను మూతపడలేదు. పార్కులో నేర్పే మా గురువుగారి దగ్గరికి వెళ్లి, నిద్ర పట్టే ఆసనం ఏదైనా చెప్పండని అచ్చం మీలాగే అడిగాను. ఆయన ఆసనం చెప్పలేదు. పదిహేను రోజులు పొద్దున లేచింది మొదలు ఏం తిన్నానో, ఎన్నింటికి తాగానో, ఎవరి మీద కోపం తెచ్చుకున్నానో రాసుకుని రమ్మన్నారు. రాశాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా నిద్ర, ఐదు తర్వాత మూడు టీలు, రాత్రి తొమ్మిదికి టీవీలో వాదులాటలు, ఆ కోపంతోనే మంచం ఎక్కడం. ‘నిద్రని మంచం మీద వెతుకుతున్నావు, పోగొట్టుకున్నది పగలు’ అన్నారాయన.

యోగసూత్రాలు రాసిన పతంజలి చిత్తవృత్తులు, అంటే మనసు చేసే పనులు, ఐదు చెప్పాడు కదా, అందులో నాలుగోది నిద్ర. అప్పటిదాకా నాకు ఇది తెలియదు. నిద్ర అంటే మనసు దుకాణం కట్టెయ్యడం అనుకునేవాణ్ని. పతంజలి లెక్కలో అదీ మనసు చేసే పనే. పగలంతా పరుగెత్తిన మనసు రాత్రి ఆ పనీ పరుగెత్తుతూనే చేస్తుంది. నాకు అర్థమైనంతలో నిద్ర గురించి యోగం చెప్పేదంతా ఇక్కడ మొదలవుతుంది.

దీన్ని నేను నా ఉద్యోగం భాషలో పెట్టుకున్నాను. మెషిన్లు రాకముందు మా దగ్గర ఎస్.ఆర్. అని ఒక కాగితం ఉండేది. ప్రతి స్టేజీ దగ్గర ఏ నంబరు దాకా టికెట్లు చించామో ఎక్కించి, ఆ స్టేజీ క్లోజ్ చెయ్యాలి. జనం కిక్కిరిసి ఉన్నారు, తర్వాత రాద్దాంలే అని నాలుగు స్టేజీలు వదిలామా, రాత్రి డిపోలో డబ్బు కట్టేటప్పుడు లెక్క తేలదు. అందరూ ఇళ్లకి పోతారు, మనం లైటు కింద కూర్చుని వెతుక్కుంటాం. మీకు రెండున్నరకి జరుగుతున్నది అదే అమ్మా. పామాయిల్, కిరాయి, ఫీజు, బాకీలు, పగలు క్లోజ్ చెయ్యని స్టేజీలన్నీ అప్పుడు తెరుచుకుంటున్నాయి.

మీ రోజులో నాకు నాలుగు స్టేజీలు కనిపిస్తున్నాయి. కూరగాయలు దించాక, పదకొండుకి వంట దించాక, మూడింటికి షట్టర్ వేశాక, రాత్రి పదికి. ఒక్కోచోట రెండు చేతులూ కౌంటర్ మీద ఆనించి, కళ్లు మూసి ఐదు శ్వాసలు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. ఊపిరి వదిలేటప్పుడు గుండె కొద్దిగా నెమ్మదిస్తుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. ఒక్క నిమిషం పట్టదు. ‘ఈ పని అయిపోయింది’ అని మనసులో అనుకుని అప్పుడు కదలండి. మూడింటి స్టేజీ దగ్గర మాత్రం ఒక నోటుబుక్కు తెరవండి. రాత్రి తిరిగే లెక్కలన్నీ అందులో ఎక్కించండి. తీరే దారి లేకపోయినా సరే, అంకె కాగితం మీద పడాలి.

మధ్యాహ్నం గంటన్నర నిద్ర తగ్గించుకోవాలి. ఇరవై నిమిషాలు శవాసనం వెయ్యండి, వెల్లకిలా కదలకుండా పడుకోవడమే. హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం శవాసనానికి రెండే గుణాలు చెప్పింది, అలుపు తీరుస్తుంది, చిత్తానికి విశ్రాంతి ఇస్తుంది అని. రోజంతా నిలబడే మీకు రెండూ కావాలి.

తిండి గురించి. ఆ గ్రంథమే మితాహారం అంటే పొట్టలో నాలుగో వంతు ఖాళీ ఉంచడం అంటుంది. మీరు పదిన్నరకి నిండుగా తిని పన్నెండుకి పడుకుంటే మంట రాక ఏమవుతుంది? వండేది మీరే, వేడి కూర మీ ఎదురుగానే ఉంటుంది. గిరాకీ మొదలవక ముందు, ఆరున్నరకి ఆ టీ బదులు భోజనం చెయ్యండి. రాత్రి ఇంటికొచ్చాక ఆకలైతే పల్చటి మజ్జిగ. టీ నాలుగున్నరతో ఆఖరు. టీలో ఉండే కెఫీన్ సగం కరగడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఎనిమిదింటి టీ అర్ధరాత్రి దాటినా మీ ఒంట్లో ఉంటుంది.

రాత్రి చెయ్యాల్సింది చాలా తక్కువ. కాళ్లు కడుక్కుని, అరికాళ్లకి గోరువెచ్చటి నువ్వుల నూనె రాయండి. వాగ్భటుడు రోజూ నూనె పెట్టుకోమంటూ తల, చెవులు, పాదాలు ప్రత్యేకంగా చూసుకోమన్నాడు. తర్వాత గోడకి ఆనుకుని వెల్లకిలా పడుకుని, రెండు కాళ్లూ గోడ మీదికి చాపి ఐదు నిమిషాలు. చివర కూర్చుని భ్రామరి ఏడుసార్లు. ముక్కుతో గాలి తీసుకుని, పెదాలు మూసి తుమ్మెదలా మ్మ్ అంటూ వదలడం. మంచం మీద వాలాక ఏమీ చెయ్యొద్దు. నిద్ర వచ్చిందా లేదా అని కూడా చూడొద్దు.


నైట్‌డ్యూటీ నర్సు, కూకట్‌పల్లి
ఉదయం 9:25

అక్కా, బాబాయిగారు చెప్పినవన్నీ చెయ్యండి. నేను వేరేవి అడుగుతాను. మీకు 47 అన్నారు. నెలసరి ముందూ వెనకా అవుతోందా? రాత్రి ఒక్కసారిగా ఒళ్లు వేడెక్కి చెమట పోస్తోందా? ఈ వయసులో నడిరాత్రి మెలకువకి అదొక పెద్ద కారణం. చాలామంది ఆడవాళ్లు దాన్ని టెన్షన్ అనుకుని ఏళ్ల తరబడి సర్దుకుపోతారు. చేతులు వణుకుతున్నాయన్నారు కాబట్టి థైరాయిడ్ పరీక్ష తప్పనిసరిగా చేయించండి, షుగర్ కూడా. అన్నగారిని ఒక మాట అడగండి: మీరు గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడుతున్నారా? అలా ఉంటే ఆసనాలతో ఆగకుండా డాక్టరుకి చూపించాలి. మోతీనగర్ నుంచి ఎర్రగడ్డ ఎలాగూ రోజూ వెళ్తున్నారు, అక్కడ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి కూడా ఉంది, కావాలంటే అక్కడా అడగొచ్చు.

కాళ్లు గోడకి పెట్టే ముందు బీపీ చూపించుకోండి. కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా జబ్బు ఉన్నవాళ్లు అది చెయ్యకూడదు.

గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలోనే పడుతుంది. తర్వాత నిద్ర పల్చబడుతుంది. అందుకే మంటో, చప్పుడో, వేడో ఏదైనా ఆ రెండో భాగంలో మనల్ని లేపేస్తుంది. మెలకువ రావడం తప్పేమీ కాదు, అందరికీ వస్తుంది, మళ్లీ పడుకుంటాం. మీరు మాత్రం లేచి టైం చూసి ఫోను తెరుస్తున్నారు. గడియారం తిప్పి పెట్టండి. ఇరవై నిమిషాలైనా నిద్ర రావట్లేదనిపిస్తే మంచం దిగి, చీకట్లోనే కూర్చుని, రెప్పలు బరువెక్కాకే మళ్లీ వెళ్లండి. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే ఛాతీలో మంట కొంత తగ్గుతుంది. వారానికి మూడు రాత్రులు, మూడు నెలలు ఇలాగే ఉంటే దాన్ని జబ్బుగానే చూడాలి. దానికి మాత్రలకంటే ముందు అలవాట్లు, ఆలోచనలు సరిచేసే వైద్యం ఉంది. డాక్టరంటే మాత్రలే ఇస్తారని భయపడకండి.

బాబాయిగారూ, నాదొక సందేహం. నాకు నెలలో ఆరు రాత్రులు డ్యూటీ, ఎనిమిది నుంచి ఎనిమిది. ఇంటికొచ్చి ఇడ్లీ తిని సాయంత్రం నాలుగు దాకా పడుకుంటాను. లేస్తే తల దిమ్ముగా, ఒళ్లు బరువుగా ఉంటుంది.


రిటైర్డ్ కండక్టర్, పద్మారావునగర్
ఉదయం 11:02

అమ్మా, థైరాయిడ్ మాట నాకు తట్టలేదు. మంచి పని చేశారు.

మీ ప్రశ్నకి వాగ్భటుడి దగ్గర సూటిగా జవాబు ఉంది. అలవాటు లేని జాగరణ చేస్తే, మేలుకున్న కాలంలో సగం, పొద్దున, ఏమీ తినకముందు నిద్రపోవాలి అన్నాడు. నేను సర్వీసంతా దీనికి తలకిందులుగా చేశాను. బస్సు దిగగానే బస్టాండులో పూరీలు తిని డార్మిటరీలో మధ్యాహ్నం దాటేదాకా పడుకునేవాణ్ని, ఒళ్లంతా పిండి ముద్దలా ఉండేది. ఇడ్లీ లేచాక తినండి. మరీ ఆకలైతే కాసిని పాలు తాగండి. గదికి మందం కర్టెన్లు వేసి ఐదారు గంటలు పడుకుంటే, నాలుగు దాకా ఈడ్చక్కర్లేదు. డ్యూటీ అయిపోయి బయటికొచ్చేటప్పుడు నల్లద్దాలు పెట్టుకోండి, ఎండ కంట్లో పడితే ఒళ్లు తెల్లారిందనుకుంటుంది.


గచ్చిబౌలి కుర్రాడు
మధ్యాహ్నం 1:40

అంకుల్, నేను ఏడు గంటలు పడుకుంటాను, కానీ నా వాచీ రోజూ నిద్ర మార్కులు 60 దగ్గరే చూపిస్తోంది. ఆ అంకె చూశాక రోజంతా నీరసంగా అనిపిస్తుంది. యోగనిద్ర, అదే పడుకుని చేసే రిలాక్సేషన్, చేస్తే మార్కులు పెరుగుతాయా?


రిటైర్డ్ కండక్టర్, పద్మారావునగర్
సాయంత్రం 4:15

బాబూ, వాచీ చూడకముందు ఎలా అనిపించిందో అది ముందు చెప్పు. యోగసూత్రాలకి భాష్యం రాసిన వ్యాసుడు నిద్రని కొలిచే పద్ధతి ఒకటి ఇచ్చాడు. లేవగానే మన నోటి నుంచి వచ్చే మాటే కొలత. ‘సుఖంగా పడుకున్నాను, మనసు తేటగా ఉంది’ అంటే ఒక రకం. ‘సరిగా పట్టలేదు, మనసు ఎటో తిరుగుతోంది’ అంటే రెండోది. ‘మొద్దులా పడుకున్నాను, ఒళ్లు బరువుగా ఉంది’ అంటే మూడోది. సత్త్వం, రజస్సు, తమస్సు అని వాటికి పేర్లు. కర్రీపాయింట్ అమ్మది రెండో రకం, పగటి నిద్ర లేచాక సిస్టరమ్మది మూడో రకం. ఒక నెల వాచీ తీసి బీరువాలో పెట్టి, లేవగానే ఈ మూడింట్లో ఏదో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకో. యోగనిద్ర మంచిదే, నేర్చుకో, మార్కుల కోసం వద్దు.


మోతీనగర్ కర్రీపాయింట్
26 రోజుల తర్వాత, మధ్యాహ్నం 3:35

అంకుల్‌కు, నర్సు చెల్లెకు దండం. ఎట్లున్నదో రాస్తున్న.

కపాలభాతి ఆ రోజే బంద్ చేసిన. ఆరున్నరకు దుకాణంలనే రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర పప్పు తింటున్న. మొదటి వారం రాత్రి పదికి బాగ ఆకలైంది, సల్ల తాగి పండుకున్న. ఇప్పుడు అలవాటైంది. ఛాతిల మంట శాన తగ్గింది. టీ మానుడే కష్టమైంది, నాలుగు రోజులు తల పగిలిపోయింది.

స్టేజీలు క్లోజ్ చేసుడు నాకు బాగ పట్టింది. కౌంటర్ మీద చేతులు పెట్టి కండ్లు మూస్తే, రోజొచ్చే ఒక పెద్దాయన ‘ఏమైందమ్మా, కండ్లు తిరుగుతున్నయా’ అని భయపడ్డడు. సంగతి చెప్పిన. ఇప్పుడు ఆయన ఆగి, నా ఐదు శ్వాసలు అయినంకనే కూర అడుగుతున్నడు.

నోటుబుక్కు సంగతి వేరే. మొదటి నాలుగు రోజులు రాసుకుంట ఏడ్చిన, అబద్ధం ఎందుకు. ఐదో రోజు మా ఆయన తీసి చదివిండు. కిరాయి, ఫీజు, బాకీలు అన్నీ నా తలకాయలనే తిరుగుతున్నయని ఆయనకు తెల్వదు. ఎన్నడు చెప్పలే నేను, ఆయన ఊకనే పరేషాన్ అయితడని. ఆ రోజు ఇద్దరం కూసోని లెక్క చేసినం. నూనె ధర పెరిగినా వేపుడు కవరు ధర మేము రెండేండ్ల నుంచి మార్చలే. ఐదు రూపాయలు పెంచినం. ఇద్దరు ముగ్గురు అడిగిన్రు, ఎవరు మానలే. మెస్సు పిల్లల బాకీ ఆయన పోయి వసూలు చేసుకొచ్చిండు. ఇప్పుడు బుక్కు ఆయన రాస్తడు, నేను చెప్త.

నిద్ర రోజూ మంచిగున్నదని అననుగని, పదకొండున్నరకు పండుకుంటే నాలుగు వరకు పోతున్న. వారంల రెండు రోజులు ఇంకా రెండున్నరకే మెలకువ వస్తది. ఫోన్ అల్మారీల పెట్టిన, ముట్టుకుంట లేను. చీకట్లనే వంటింట్ల కూసోని భ్రామరి చేస్తే మళ్ల కన్ను అంటుకుంటున్నది. మా బిడ్డ చదువు లైటు మాత్రం ఇంకా ఒంటిగంట వరకు ఉంటది, ఉన్నది ఒక్కటే రూం. కండ్ల మీద పాత చున్నీ కట్టుకుంటున్న.

నర్సు చెల్లె, నువ్వన్నట్టే నెలసరి ముందుగాల, వెనకకు అయితున్నది. డాక్టరమ్మకు చూపించుకున్న, రక్తం ఇచ్చిన. థైరాయిడ్ రిపోర్టు శనివారం వస్తది. బీపీ బాగనే ఉన్నది.

ఒకటి అడగాలె అంకుల్. దసరా నవరాత్రులకు మాకు ఆర్డర్లు ఎక్కువ. ఆ పది రోజులు ఇంటికొచ్చేసరికి పన్నెండు దాటుతది. అన్నీ చేసుడు నాతోని కాదు. ఏది పట్టుకోవాలె, ఏది వదలాలె?


రిటైర్డ్ కండక్టర్, పద్మారావునగర్
సాయంత్రం 5:20

ఆరున్నర భోజనం, మూడింటి నోటుబుక్కు పట్టుకోండి అమ్మా. ఆ పది రోజులు సూర్యనమస్కారాలు వదిలెయ్యండి, పొద్దున ఆ పది నిమిషాలూ పడుకోండి. బజారుకి ఆయనతో పాటు ఆ పిల్లగాణ్ని పంపండి. మధ్యాహ్నం శవాసనం ఇరవై నిమిషాలకి బదులు నలభై చేసుకున్నా పర్వాలేదు, రాత్రి తగ్గుతుంది కాబట్టి. పన్నెండుకి ఇంటికొచ్చాక నూనె ఒక్కటి రాసుకుని పడుకోండి. శనివారం రిపోర్టు రాగానే ఇక్కడ రాయండి, సిస్టరమ్మ కూడా చూస్తారు.